పందుల మెడ మీద చీముగడ్డలు, ఈడ్చుకుపోతున్న వెనక కాళ్లు: కారణం ఎక్కడ వెతకాలి?

ముమ్మిడివరం రైతు:

అందరికీ నమస్కారం. గౌతమి పాయ ఒడ్డున ఒక లంక గ్రామంలో సీమ పందులు పెంచుతున్నాను. నాలుగు తల్లి పందులు, ఒక పోతు, మూడు నెలలు దాటిన ఎదుగు పిల్లలు నలభై వరకు ఉన్నాయి. అన్నీ లార్జ్ వైట్ యార్క్‌షైర్ జాతివే. తవుడు, నూకలు, కొబ్బరి చెక్క, హోటళ్ల మిగులు ఉడికించి పెడుతున్నాను. వానలు మొదలయ్యాక పల్లంలో ఉన్న కొట్టంలో నీరు ఊరుతున్నందున ఎదుగు పిల్లలన్నింటినీ మెరక మీదున్న ఒకే షెడ్డులో కలిపి ఉంచాను.

కొన్ని వారాలుగా పదకొండు పందులకు చెవి వెనక, మెడ మీద గడ్డలు లేస్తున్నాయి. కొన్ని నిమ్మకాయంత ఉంటే, రెండు మూడు బత్తాయి పండంత అయ్యాయి. మరో మూడింటికి దవడ కింద వాచింది. ఇవన్నీ తిండి బాగానే తింటున్నాయి. వీటికి తోడు రెండు పందులు వెనక కాళ్లు ఈడుస్తూ, లేవలేక ముందు కాళ్ల మీద ఆనుకుని కూర్చుండిపోతున్నాయి. ఆ రెండింటి తోకలూ కొరుకుడు పడి కొస నల్లబడి ఉన్నాయి. గడ్డలను కోయించమని ఊళ్లో కొందరు, కోస్తే రోగం మంద అంతటికీ అంటుతుందని మరికొందరు చెబుతున్నారు. కోయవచ్చా, ఏ మందు వాడాలి, క్రిస్మస్ నాటికి వీటిని అమ్మవచ్చా అన్నవి నా ప్రశ్నలు.

పశువైద్యుడు, పాలకొల్లు:

రైతు గారూ, మీరు రాసినదాన్ని బట్టి మీ షెడ్డులో ఉన్నది ఒక్క జబ్బు కాదు. మూడు రకాల లక్షణాలు కలిసి కనబడుతున్నాయి. వాటిని విడదీసి చూస్తే తప్ప మందు గురించి మాట్లాడుకోవడంలో అర్థం లేదు.

చెవి వెనక, మెడ పక్కన లేచే గడ్డ సాధారణంగా సూది వేసిన చోట పుట్టేది. దవడ కింద వాచేది లింఫు గ్రంథి. నోటిలోనో గొంతులోనో గాయమైతే, లేదా స్ట్రెప్టోకాకస్ పోర్సినస్ అనే సూక్ష్మజీవి మేత ద్వారా, నీళ్ల ద్వారా టాన్సిళ్లలోకి చేరితే అక్కడ చీము పడుతుంది. వెనక కాళ్లు పడిపోవడం వీటన్నింటికంటే తీవ్రమైనది. తోక కొరుకుడు గాయంలో చేరిన సూక్ష్మజీవులు రక్తనాళాల వెంబడి, వెన్నుపాము చుట్టూ ఉన్న పొరల వెంబడి పైకి పాకి వెన్నుపూసల్లో చీముగడ్డ కడతాయి. అది పెరిగి నరాలను నొక్కినప్పుడు కాళ్లు చచ్చుబడతాయి. అదే దారిలో ఊపిరితిత్తుల్లోకి చేరి అక్కడా గడ్డలు వేయవచ్చు.

గడ్డల్లో తరచుగా దొరికేది ట్రూపెరెల్లా పయోజెనిస్. పాత పుస్తకాలలో ఇదే ఆర్కనోబ్యాక్టీరియం అన్న పేరుతో ఉంటుంది. దీనితో పాటు స్ట్రెప్టోకాకస్, స్టెఫైలోకాకస్ జాతులు కూడా ఉంటాయి. వీటిలో చాలావరకు ఆరోగ్యంగా ఉన్న పంది చర్మం మీద, ముక్కులో, గొంతులో ఎప్పుడూ ఉండేవే. చర్మం తెగితేనే లోపలికి వెళతాయి. అందుచేత మీరు నాకు నాలుగు సంగతులు చెప్పాలి. చివరిసారి సూదులు ఎప్పుడు వేయించారు, ఒకే సూదితో ఎన్నింటికి వేశారు? షెడ్డు నేల ఎలా ఉంది? హోటల్ మిగులులో ఏమేమి వస్తున్నాయి? థర్మామీటరు పెట్టి చూశారా? పందికి 102 నుంచి 103 డిగ్రీల ఫారన్‌హీట్ వరకు సహజమే. 105 దాటితే సంగతి వేరు.

ఒక హెచ్చరిక. మందలో ఒకేసారి చాలా పందులకు తీవ్రమైన జ్వరం వచ్చి, చెవులూ పొట్టా ఎర్రబడి, ఒకటొకటిగా చనిపోతుంటే అది చీముగడ్డల వ్యవహారం కాదు. 2020లో అస్సాం, అరుణాచల్ ప్రదేశ్‌లలో మొదటిసారి బయటపడిన ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ కూడా అయి ఉండవచ్చు. దానికి చికిత్స లేదు. అప్పుడు పందులను కదిలించకుండా పశు సంవర్ధక శాఖకు తెలియజేయాలి.

ముమ్మిడివరం రైతు:

డాక్టరు గారూ, ధన్యవాదాలు. క్లాసికల్ స్వైన్ ఫీవర్ (మీరు చెప్పిన ఆఫ్రికన్ రకం కాదు) టీకా, నులిపురుగుల మందు సూది రెండూ ఒకే రోజున వేయించాము. గడ్డలు కనబడింది ఆ తరువాత రెండు మూడు వారాలకు. సూదులు వేసిన కుర్రవాడు షెడ్డు మొత్తానికి ఒకే సూది వాడాడు. నేల సిమెంటుదే గాని, మూలల్లో పెచ్చులు లేచి కంకర బయటపడింది. మిగులులో అన్నం, కూరలు, చేప తలలు, రొయ్య పొట్టు వస్తాయి. గడ్డలున్న వాటికి 103కు మించలేదు. కాళ్లు ఈడుస్తున్న రెండింటికీ 105 దగ్గర ఉంది.

తణుకు మందుల దుకాణం:

మా దుకాణానికి వచ్చే పెంపకందార్లు ఇలాంటప్పుడు మందకంతటికీ ఆక్సీటెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ పొడిని దాణాలో కలిపి పెడుతున్నారు. గడ్డలున్న వాటిని ఒక్కొక్కటిగా పట్టుకుని సూదులు వేయడం ఇద్దరు మనుషుల పని. కూలి దొరకని రోజుల్లో అది సాధ్యం కాదు. దాణాలో కలిపితే కొత్త గడ్డలైనా ఆగుతాయి కదా అని రైతులు అడుగుతున్నారు. ఈ ఆలోచనలో తప్పుంటే డాక్టరు గారు వివరించాలి, నేను కూడా వారికి అదే చెబుతాను.

పశువైద్యుడు, పాలకొల్లు:

అడిగినందుకు సంతోషం. కూలి కష్టం నిజమే, దాన్ని కాదనను. అయితే చీముగడ్డ చుట్టూ శరీరం దళసరి పొర కట్టుకుంటుంది. ఆ పొరకు లోపల రక్తప్రసరణ ఉండదు. రక్తంలో మందు ఎంత ఉన్నా చీములోకి చేరేది స్వల్పం, చేరినదైనా ఆ చీములో సరిగా పని చేయదు. ముదిరిన గడ్డకు దాణాలో పొడి కలిపితే గడ్డ అలాగే ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న మిగతా పందుల పేగుల్లో, గొంతుల్లో ఉన్న సూక్ష్మజీవులు మాత్రం ఆ మందుకు అలవాటుపడతాయి. జబ్బుపడిన పంది మేత తగ్గిస్తుంది కాబట్టి అసలు మందు అందవలసిన దానికే తక్కువ అందుతుంది.

మందకంతటికీ మందు ఇవ్వవలసిన సందర్భాలు అసలు లేవని నేను అనడం లేదు. పాలు మాన్పించిన పిల్లల్లో స్ట్రెప్టోకాకస్ సూయిస్ మెదడు పొరల వాపు తెచ్చి, పిల్లలు పక్కకు పడి కాళ్లు కొట్టుకుంటున్నప్పుడు గది మొత్తానికి మందు ఇవ్వవలసి రావచ్చు. అది పరీక్ష చేసిన వైద్యుడు, ఆ గదికి మాత్రమే, ఇన్ని రోజులని నిర్ణయించి చేయవలసిన పని. మనుషుల వైద్యంలో చివరి ఆసరాగా దాచుకున్న కోలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను మన దేశంలో 2019లో పశువుల, కోళ్ల, చేపల వాడకం నుంచి నిషేధించవలసి వచ్చింది. దాణాల్లో విచక్షణ లేకుండా కలుపుతూ పోవడమే ఆ పరిస్థితికి దారి తీసింది. మీ దుకాణానికి వచ్చేవారికి ఇంత మాత్రం చెప్పండి చాలు.

వశిష్ఠ తీరం:

బాబూ, నేను పెనుగొండ ప్రాంతంలో చాలా ఏళ్లుగా పందులు పెంచుతున్నవాడిని. కోయడం గురించి నాకు తెలిసింది రాస్తాను. డాక్టరు గారు తప్పులుంటే దిద్దాలి.

గట్టిగా, వేడిగా ఉన్న గడ్డను ముట్టుకోకూడదు. పండేదాకా ఆగాలి. పండిందీ లేనిదీ వేలితో తెలుస్తుంది. మధ్యలో ఒకచోట చర్మం పలుచబడి, వెంట్రుకలు రాలి, నొక్కితే వేలు దిగబడుతుంది. అప్పుడైనా ముందు లావుపాటి సూదిని సిరంజికి తగిలించి గుచ్చి లాగి చూడాలి. చీము వస్తేనే కత్తి పట్టాలి. ఎర్రటి నెత్తురు వస్తే అది గడ్డ కాదు, లోపల నెత్తురు గూడుకట్టిన వాపు. చెవి రెక్కలో ఇలాంటివి తరచు వస్తాయి, వాటిని కోస్తే నెత్తురు ఆగదు. బొడ్డు దగ్గర, గజ్జలో ఉన్న వాపును మాత్రం ఎవరూ సొంతంగా కోయకూడదు. పిల్లను వెల్లకిలా పట్టుకుని మెల్లగా నొక్కితే వాపు లోపలికి జారిపోయిందంటే అది పేగు దిగిన బుడ్డ. దాన్ని కోస్తే పేగే తెగుతుంది.

మెడ గడ్డలకు మా దగ్గర చేసే పద్ధతి ఇది. పై దవడ కోరల వెనకగా తాడు ఉచ్చు వేసి గుంజకు కడతాము. పంది వెనక్కు లాగుతూ నిలబడుతుంది గాని కదలదు. డాక్టరు గారు చుట్టూ మొద్దుబారే మందు వేస్తారు. గడ్డకు అన్నింటికంటే దిగువన ఉన్న చోట, రెండు వేళ్లు దూరేంత వెడల్పుగా, నిలువుగా కోస్తారు. పైన కోస్తే చీము అడుగున నిలిచిపోయి వారానికి మళ్లీ గడ్డ కడుతుంది. ఆకుపచ్చ కలిసిన మీగడ రంగులో, ముద్దలు ముద్దలుగా, ముక్కు మూసుకునేంత కంపుతో వస్తుంది. దాన్ని నేల మీద పడనివ్వకుండా కింద బేసిను పట్టుకోవాలి. తరువాత కాచి చల్లార్చిన ఉప్పునీటితో, లేత టీ రంగు వచ్చేలా పలుచన చేసిన బెటాడిన్‌తో లోపల శుభ్రంగా నీరు వచ్చేదాకా కడిగి, ఆ మందులోనే తడిపిన పలుచని కట్టు గుడ్డ (గాజ్) కొసను లోపల ఉంచుతారు. పైచర్మం ముందే మూసుకుపోకుండా రోజూ కడుగుతూ ఉండాలి. బేసినులో చీమును సున్నం చల్లి లోతుగా పూడ్చాలి.

మన ప్రాంతంలో ఈగలతోనే ఎక్కువ ఇబ్బంది. తెరిచిన గాయం మీద ఈగ వాలిందంటే రెండు రోజులకు పురుగు పడుతుంది. గాయం లోపల కాకుండా చుట్టూ ఈగల మందు పూయాలి. గాయమున్న పందిని మానేదాకా పొడి నేల మీద విడిగా ఉంచాలి. కోస్తే మందకంతా అంటుతుందన్న భయం పూర్తిగా అర్థంలేనిది కాదు, ఎందుకంటే చీము నేల మీద పారి మిగతా పందుల గీరుడు గాయాలకు తగిలితే అంటుతుంది. విడిగా కోసి చీమును పూడ్చిపెడితే ఆ భయం అక్కరలేదు.

పశువైద్యుడు, పాలకొల్లు:

పెద్దాయన రాసినదానిలో దిద్దవలసింది ఏమీ లేదు. ఒక్కటి కలుపుతాను. సూది గుచ్చి లాగిన చీమును శుభ్రమైన సిరంజిలోనే ఉంచి, మూత పెట్టి, చల్లని డబ్బాలో జిల్లా పశు వ్యాధి నిర్ధారణ ప్రయోగశాలకు పంపాలి. కోసిన తరువాత కారిన చీములో బయటి సూక్ష్మజీవులు కలుస్తాయి కాబట్టి అది అంతగా పనికిరాదు. మందులు మొదలుపెట్టక ముందే పంపాలి.

కాళ్లు ఈడుస్తున్న రెండింటి విషయం నేరుగా చెబుతాను. వెన్నులో చీము పట్టి కాళ్లు పూర్తిగా చచ్చుబడిన పంది కోలుకోదు. బాధ పెట్టకుండా వాటి ప్రాణం వైద్యుని చేత తీయించి, శవపరీక్ష చేయించండి. కారణం కళ్లతో చూసినట్లవుతుంది. వాటి మాంసం ఎవరూ తినకూడదు.

ఉండి ఆక్వా:

నేను చేపల, రొయ్యల చెరువులు చేస్తూ గట్టు మీద కొద్ది పందులు పెంచుతాను. చేప తలలు, రొయ్య పొట్టు గురించి నాకు ఒక అనుమానం ఉంది. రొయ్య తల మీద రంపంలాంటి ముల్లు ఎంత గట్టిగా ఉంటుందో చెరువులోకి చేయి పెట్టిన వారందరికీ తెలుసు. ఉడికించినా అది మెత్తబడదు. దవడ కింద వాపులు ఆ ముల్లు నోట్లో గుచ్చుకోవడం వల్ల కావా? మరొక ప్రశ్న. నిరుడు మా పందుల వీపు మీద ఎర్రటి, పలకల ఆకారపు దద్దుర్లు లేచి జ్వరం వచ్చింది. అది కూడా ఇదే జబ్బా?

పశువైద్యుడు, పాలకొల్లు:

మీ మొదటి అనుమానం సరైనదే. నోటిలో గుచ్చుకున్న ముల్లు, చేప ఎముక, విరిగిన కొబ్బరి చిప్ప ముక్క, ఏదైనా ఆ గాయం నుంచి దవడ కింది గ్రంథికి చీము చేరుతుంది. పొట్టును ఉడికించడంతో ఆగకుండా ఎండబెట్టి మెత్తగా పొడి చేసి పెట్టాలి, లేదా మానేయాలి.

రెండవది వేరే జబ్బు. పలకల దద్దుర్లు ఎరిసిపెలాస్ లక్షణం. దాన్ని కలిగించే ఎరిసిపెలోథ్రిక్స్ రూసియోపతియే పందుల టాన్సిళ్లలోనూ, చేపల ఒంటి మీది జిగురులోనూ ఉంటుంది. తొలి రోజుల్లోనే పెన్సిలిన్ వేస్తే చాలా బాగా తగ్గుతుంది. ఆలస్యమైతే కీళ్లలో స్థిరపడి పంది జీవితాంతం కుంటవచ్చు, లేదా గుండె కవాటాల మీద స్థిరపడవచ్చు. చేపలు కోసేవారి, మాంసం కొట్టేవారి వేళ్లు ఊదారంగులో వాచి సలిపే జబ్బు కూడా దీనివల్ల వచ్చేదే. మీ చెరువు పనివారిలో ఎవరికైనా అలా వస్తే డాక్టరుకు చేపల పనీ, పందుల పనీ రెండూ చెప్పమనండి.

రాజోలు నర్సు:

మనుషుల మాట వచ్చింది కనుక నేనూ రాస్తున్నాను. మా పుట్టింటిలో పందులు పెంచేవారు, చీము పిండే పని ఆడవాళ్లు ఉత్త చేతులతోనే చేసేవారు. దయచేసి అలా చేయకండి. డాక్టరు గారు చెప్పిన స్ట్రెప్టోకాకస్ సూయిస్ చేతి మీది కోతల ద్వారా మనుషులకు ఎక్కి మెదడువాపు తెస్తుంది. బతికి బయటపడినవారిలో చాలామందికి చెవుడు మిగులుతుంది. 2005లో చైనాలోని సిచువాన్‌లో రెండు వందల మందికి పైగా దీని బారిన పడి, ముప్పై మందికి పైగా చనిపోయారు. వారిలో అత్యధికులు జబ్బుపడిన పందులను ఇంటి దగ్గర కోసిన రైతులే.

మన డెల్టాకు సంబంధించినది ఇంకొకటి ఉంది. వరి పొలాల తడి మట్టిలో బతికే బర్ఖోల్డేరియా సూడోమల్లై అనే సూక్ష్మజీవి పందుల్లోనూ మనుషుల్లోనూ లోపలి అవయవాల్లో గడ్డలు కలిగిస్తుంది. మధుమేహం ఉన్నవారికి అది ప్రమాదకరం. షుగరు ఉన్న వారెవరూ వానాకాలంలో చెప్పులు లేకుండా పందుల దొడ్డి బురదలో నడవకూడదు. రబ్బరు బూట్లు, చేతి తొడుగులు, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోవడం. ఇవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. కోసిన తరువాత వారం రెండు వారాల్లో జ్వరం, విపరీతమైన తలనొప్పి వస్తే ఆసుపత్రిలో పందుల సంగతి మీరుగా చెప్పండి, వారు అడగరు.

మాంసం వ్యాపారి, రాజమహేంద్రవరం:

నేను కొనేవాడి వైపు నుంచి చెబుతాను. ఒకే చోట పైపైన ఉన్న గడ్డను చుట్టూ కండతో సహా తీసేసి మిగతాది వాడుకోవచ్చు. ఊపిరితిత్తుల్లో, వెన్నులో, కీళ్లలో అనేక చోట్ల చీము కనబడితే మొత్తం కళేబరాన్ని పూడ్చవలసిందే. తొడలో వేసిన సూదుల వల్ల లోపల గడ్డ ఉందన్న సంగతి పైకి తెలియదు, కోసినప్పుడు అత్యంత విలువైన భాగమే పాడైపోయి ఉంటుంది. సూది మెడలోనే వేయించమని మేము అడిగేది అందుకే. సూది విరిగి కండలో ఉండిపోతే ఆ పందికి గుర్తు పెట్టి మాంసానికి అమ్మకుండా ఉంచాలి. తినేవారి నోట్లోకి ఉక్కు ముక్క వెళ్లడం కంటే ఒక పంది నష్టం భరించడం నయం.

వశిష్ఠ తీరం:

తోక కొరుకుడు ఆగకపోతే ఇవన్నీ మళ్లీ వస్తాయి బాబూ. పందులు కొరుక్కోవడానికి కారణం ఇరుకు, ఉక్క, తొట్టి దగ్గర తోపులాట, చేయడానికి పని లేకపోవడం. అమ్మకపు బరువుకు వచ్చిన పందికి కనీసం పది చదరపు అడుగుల చోటు ఉండాలి. మీ షెడ్డు కొలత చూసుకోండి. కోనసీమలో కొబ్బరి డొక్కలకు కొరత లేదు కదా. పీచుతో ఉన్న డొక్కలు రోజూ కొన్ని వేయండి, వాటిని చీల్చుకుంటూ గంటలు గడుపుతాయి. మూలల్లో ఊక గాని, కొబ్బరి పొట్టు గాని వేసి, తడిసినప్పుడల్లా మార్చండి. కొరికేది సాధారణంగా ఒకటో రెండో ఉంటాయి. గంటసేపు కదలకుండా నిలబడి చూస్తే ఏవో తెలుస్తుంది, వాటిని విడదీయండి. నెత్తురు కనబడిన తోకకు వెంటనే చేదు, ఘాటు ఉన్న మందు పూసి, ఆ పందిని కూడా విడిగా ఉంచండి. పెచ్చులు లేచిన మూలలను ఈలోగానే సిమెంటు చేయించండి. పిల్లల మోకాళ్లు అక్కడే గీరుకుపోయి కీళ్ల వాపులు వస్తాయి.

ముమ్మిడివరం రైతు:

మీ సలహాల ప్రకారం చేసినవి చెబుతాను. 1962కు ఫోను చేయగా సంచార వాహనంలో వైద్యులు వచ్చారు. కాళ్లు చచ్చుబడిన రెండింటిని ముగించి, ఒకదానిని కోసి చూపారు. నడుము దగ్గర వెన్నుపూస లోపల చిక్కుడు గింజంత చీముగూడు ఉంది, పక్కనున్న ఎముక పిండిపిండిగా రాలింది. ఊపిరితిత్తుల్లో కూడా చిన్న చిన్న గడ్డలున్నాయి. రెండు కళేబరాలనూ ఏటిగట్టుకు దూరంగా మెరక మీద సున్నం వేసి పూడ్చాము. మెడ గడ్డలలో పండిన ఆరింటిని కోశారు. చీము పరీక్షలో ట్రూపెరెల్లా పయోజెనిస్ వచ్చింది, పెన్సిలిన్‌కు లొంగుతుందని రాశారు. పెన్సిలిన్ సూదులు గడ్డ చుట్టూ వాపు, జ్వరం ఉన్న నాలుగింటికే ఇచ్చారు. షెడ్డును వెదురు దడితో మూడు భాగాలు చేశాను, పల్లపు కొట్టానికి నేల ఎత్తు చేయిస్తున్నాను. రొయ్య పొట్టు మానేశాను.

ఇక మిగిలినవి రెండు ప్రశ్నలు. వచ్చే విడత టీకాలకు సూదుల పద్ధతి ఎలా ఉండాలి? పెన్సిలిన్ వేసిన వాటిని ఎన్నాళ్లకు అమ్మవచ్చు?

పశువైద్యుడు, పాలకొల్లు:

మీరు చేసినవన్నీ సరిగానే ఉన్నాయి. సూదుల విషయంలో తల్లి పందులకు తలా ఒక కొత్త సూది, ఎదుగు పిల్లలకు పదింటికి మించకుండా ఒక సూది వాడండి. గడ్డలున్న గదిలో మాత్రం ప్రతి పందికీ మార్చాలి. కొస వంగిన సూదిని సరిచేసి వాడకూడదు. సీసా మూతకు ఒక సూదిని విడిగా గుచ్చి ఉంచి, మందు దానితోనే తీయాలి. పందికి గుచ్చిన సూదిని తిరిగి సీసాలో పెడితే సీసా మొత్తం కలుషితమై, దాని నుంచి సూది వేసిన ప్రతి మెడలోనూ గడ్డ లేస్తుంది. మీ పదకొండింటికీ అదే జరిగి ఉండే అవకాశం ఉంది కాబట్టి ఆ రోజు మిగిలిన మందు సీసాను పారేయండి. చెవి వెనక బురద అంటుకుని ఉంటే తుడిచి, ఆరిన చర్మంలోనే వేయించండి. పిల్లలు పుట్టినప్పుడు బొడ్డుకు టింక్చర్ అయోడిన్ అద్దడం, మూడవ రోజు ఇనుము సూది, కోరలు కత్తిరించడం, విత్తులు తీయడం, వీటన్నింటికీ ఇదే శుభ్రత వర్తిస్తుంది.

అమ్మకానికి సీసా లేబులు మీద రాసిన గడువును పాటించాలి. పెన్సిలిన్‌లలో తొందరగా కరిగేవి, నెమ్మదిగా కరిగేవి ఉన్నందున గడువులు వేరువేరుగా ఉంటాయి. లేబులు మీద పందుల ప్రస్తావన లేకపోతే చివరి సూది నుంచి 28 రోజులు ఆగండి. ఆ నాలుగు పందుల చెవి పోగుల సంఖ్యలు, మందు పేరు, చివరి తేదీ ఒక పుస్తకంలో రాసి కొనేవారికి చూపండి. కోసిన గాయాలు పూర్తిగా మానక ముందు మిగతా వాటిని కూడా బండి ఎక్కించవద్దు, ప్రయాణంలో ఒకదానినొకటి రాసుకుని గాయాలు మళ్లీ తెరుచుకుంటాయి. దవడ కింద వాచిన మూడింటిని మాత్రం విడిగా ఉంచి, పండిన తరువాత ఆ చీమును కూడా పరీక్షకు పంపండి. అందులో స్ట్రెప్టోకాకస్ వస్తే నీళ్ల తొట్లను శుభ్రం చేసే పద్ధతి గురించి ఇక్కడే రాస్తాను.